ముఖం మీద చిన్న పుట్టుమచ్చలు, గోధుమ మచ్చలు: గుర్తుపట్టడం నుంచి గాయం మానేదాకా

"మచ్చ పోవడానికి ఏ క్రీము రాయాలి?" అని అడిగేవారిని నేను తిరిగి ఒకటే అడుగుతాను: "ఏ మచ్చ?" అప్పుడు ఫొటోలు వస్తాయి. ఒకదానిలో పుట్టుమచ్చ, ఇంకొకదానిలో మంగు, మరొకదానిలో మొటిమను గిల్లగా మిగిలిన నలుపు. బుగ్గల మీద ఆవగింజల్లా పొడుచుకొచ్చిన నల్ల పులిపిర్లు కూడా తరచూ కనిపిస్తాయి. వీటన్నిటికీ పనిచేసే మందు ఒక్కటంటూ లేదు. ఒకదానికి మేలు చేసేది ఇంకొకదానికి చేటు చేస్తుంది.

మొదలుపెట్టే ముందే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన గోధుమరంగు, చామనఛాయ చర్మం ఎక్కడ మండినా, గీరుకున్నా, కాలినా అక్కడ రంగును ఎక్కువగా తయారుచేసుకుంటుంది. తెల్లవారికి కొన్నాళ్లు ఎర్రగా ఉండి పోయేది మనకు నెలల తరబడి నల్లగా మిగులుతుంది. అందువల్ల కింద చెప్పే ప్రతి దశలోనూ చూసుకోవలసినది ఒక్కటే: చర్మం మండకూడదు.

మందుల చీటీ రాయడం చర్మవ్యాధి నిపుణుల పని. వారి దగ్గరికి వెళ్లేలోపు, వెళ్లి వచ్చాక మీరు ఇంట్లో చేసుకోవలసిన పని ఇక్కడ వరుసగా ఉంది.

1. ఏ మచ్చో తేల్చుకోండి

దీనికి ఒక ఉదయం కేటాయించండి. ముఖం కడిగి, పౌడరు, బొట్టు తీసేసి, అరగంట ఆగండి. ట్యూబ్‌లైటు కింద కాకుండా పగటి వెలుతురు వచ్చే కిటికీ పక్కన కూర్చోండి.

దగ్గర ఉంచుకోవలసినవి:
- ఫోను (వెనుక కెమెరాతోనే తీయాలి, ముందు కెమెరా చాలా ఫోన్లలో ముఖాన్ని నునుపు చేసి మచ్చలను తుడిచేస్తుంది)
- మిల్లీమీటర్ల గీతలున్న చిన్న స్కేలు
- ఫొటో తీసిపెట్టడానికి ఇంట్లో ఒక మనిషి
- తేదీ రాసుకోవడానికి ఒక కాగితం

ముందు నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి చెరొకటి ఫొటో తీయించుకోండి. అనుమానంగా ఉన్న మచ్చ పక్కన స్కేలు ఆనించి దగ్గరగా మరొకటి తీయండి. తర్వాత కళ్లు మూసుకుని ఆ మచ్చను వేలికొనతో తడమండి. వేలికి తగులుతోందా, లేదా? దారులు ఇక్కడే రెండుగా చీలతాయి. వేలికి తగిలే మచ్చలు క్రీముతో పోవు. తగలని వాటిలో చాలావాటికి క్రీముతోనే మొదలుపెట్టాలి.

ఇప్పుడు ఒక్కొక్కదాని ఆనవాళ్లు చూద్దాం.

పుట్టుమచ్చ: పుట్టుకతో వచ్చిందని పేరే కానీ ఎక్కువ భాగం బాల్యంలోనూ యవ్వనంలోనూ వస్తాయి. గుండ్రంగా, ఒకే రంగులో, స్పష్టమైన అంచుతో, సాధారణంగా 6 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. వయసుతో కొన్ని ఎత్తు పెరిగి, మెత్తబడి, రంగు తగ్గుతాయి. దాని మీద వెంట్రుక మొలిచిందని కంగారు పడకండి, అది ప్రమాద సూచన కాదు. ఆ వెంట్రుకను పీకకుండా కత్తిరించుకుంటే చాలు.

నల్ల పులిపిర్లు: బుగ్గ ఎముకల మీద, కణతల దగ్గర, మెడ మీద 1 నుంచి 5 మిల్లీమీటర్ల నల్లని బొడిపెలు. అమ్మకు ఉంటే కూతురికీ రావడం మామూలే. వయసుతో పాటు సంఖ్య పెరుగుతుంది. హాని చేయవు, అంటుకోవు. వీటిని పుట్టుమచ్చలు అనుకుని "నాకు కొత్తగా ఇరవై పుట్టుమచ్చలు వచ్చాయి" అని భయపడేవారు చాలామంది.

మంగు: రెండు బుగ్గల మీద, నుదుటి మీద, పై పెదవి పైన ఇంచుమించు సమానంగా పరుచుకున్న గోధుమ మచ్చ. వేలికి తగలదు. గర్భం, గర్భనిరోధక మాత్రలు, ఎండ, వంశం దీనికి కారణాలు. పొయ్యి వేడి కూడా దీన్ని పెంచుతుంది. మగవారికీ వస్తుంది.

మొటిమ నలుపు: మొటిమ ఉన్న చోటే, మొటిమంత మేర మిగిలే నలుపు. గుంట పడితే దాని వైద్యం వేరు. చదునుగా ఉంటే మాత్రం అది దానంతటదే పలచబడే రకం, కాకపోతే నెలలు పడుతుంది.

ఎండ మచ్చలు: 40 దాటాక, ఎండ బాగా తగిలిన చోట్ల, స్పష్టమైన అంచుతో వచ్చే గోధుమ మచ్చలు. తెల్లని చాయ ఉన్న పిల్లలకు ముక్కు మీద, బుగ్గల మీద వచ్చే చిన్న చుక్కలు మరొక రకం. అవి వేసవిలో ముదిరి, ఎండ తగ్గాక పలచబడతాయి.

బూడిద రంగు లేదా నీలిఛాయ మచ్చలు: నుదుటి పక్కల, చెవుల ముందు బూడిద రంగు కమ్ముకుంటే తలకు వేసే రంగునో, పరిమళ ద్రవ్యాన్నో అనుమానించాలి. ముఖంలో ఒకే పక్క, కంటి చుట్టూ నీలంగా ఉంటే అది వేరే జాతి మచ్చ. దానిలో కొన్నిసార్లు కంటి తెల్లగుడ్డు మీదా నీలం కనిపిస్తుంది. ఈ రెండింటికీ ఇంటి వైద్యం లేదు.

ఇంకొకటి. ముఖం పక్కలతో పాటు మెడ వెనుక, చంకల్లో చర్మం ముఖమల్‌ గుడ్డలా మందంగా నల్లబడితే క్రీముల దుకాణానికి కాకుండా రక్తపరీక్షకు వెళ్లండి. అది చాలాసార్లు బరువుతోనూ, శరీరంలో ఇన్సులిన్‌ సరిగా పనిచేయకపోవడంతోనూ ముడిపడి ఉంటుంది.

2. వేలు పెట్టకుండా వైద్యుల దగ్గరికి వెళ్లవలసినవి

కింది వాటిలో ఒక్కటి ఉన్నా ఇంట్లో ఏమీ రాయకండి, బ్యూటీ పార్లర్‌లో తీయించకండి.
- నడుమ గీత గీసినట్లు ఊహిస్తే రెండు సగాలు ఒకేలా లేకపోవడం
- అంచు చెదిరి, గీతలు గీతలుగా పక్కకు పాకడం
- ఒకే మచ్చలో నలుపు, గోధుమ, ఎరుపు, నీలం వంటి రంగులు కలగలవడం
- 6 మిల్లీమీటర్లు దాటడం (పెన్సిలు వెనుక ఉండే రబ్బరు అంత)
- కొన్ని వారాలలో, నెలలలో ఆకారం, రంగు, ఎత్తు మారడం
- దానంతటదే రక్తం కారడం, పుండు పడటం, మానకపోవడం
- 40 దాటిన తర్వాత కొత్తగా ఒకే ఒక్క మచ్చ వచ్చి పెరుగుతూ ఉండటం

పుట్టుమచ్చల నుంచి వచ్చే ప్రాణాంతకమైన క్యాన్సర్‌ మన చర్మం ఉన్నవారికి అరుదు. వచ్చినా ముఖం కన్నా అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద ఎక్కువ. ముఖం మీద కనిపెట్టవలసినది ఇంకొకటి ఉంది. ముక్కు దగ్గర, కంటి రెప్పల దగ్గర ముత్యంలా మెరిసే బొడిపె వస్తుంది. నడుమ పుండు పడి, పక్కు కట్టి, రాలి, మళ్లీ పక్కు కడుతుంది. మనవారిలో అది నల్లగానే ఉండటం వల్ల పుట్టుమచ్చ అనుకుని ఏళ్ల తరబడి వదిలేస్తారు. చిన్నగా ఉన్నప్పుడు తీసేస్తే పూర్తిగా నయమవుతుంది. వదిలేస్తే లోపలికి తొలుచుకుపోతుంది.

"పుట్టుమచ్చ తీయిస్తే క్యాన్సర్‌ వస్తుందట కదా?" అంటారు. రాదు. ముందే చెడ్డదైన మచ్చను పరీక్షకు పంపకుండా పైపైన కాల్చేసినప్పుడు అది అడుగున పెరిగి, మళ్లీ పైకి వస్తుంది. ఆ భయానికి మూలం అదే.

3. రెండు వారాలు అన్నీ ఆపండి

మచ్చ రకం తెలిసిన మరుక్షణం మందు కొనాలనిపిస్తుంది. ఆగండి. ముందుగా చర్మాన్ని రెండు వారాలు ఊరికే ఉండనివ్వాలి. చర్మాన్ని మండించేవి ఏవో ఈ విరామంలోనే తెలుస్తాయి.

ఆపవలసినవి:
- సున్నిపిండితో, పీచుతో, గరుకు స్క్రబ్బుతో రుద్దడం (ఎముక ఎత్తుగా ఉన్న చోట రుద్దుడుకే నల్లబడుతుంది)
- నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్టు, వెల్లుల్లి ముద్ద
- బ్లీచింగ్‌, ఫేషియల్‌
- సువాసన గట్టిగా ఉన్న క్రీములు, ముఖానికి తగిలేలా సెంటు
- బొట్టు స్టిక్కరు అంటించే చోట దురద లేదా రంగు మార్పు ఉంటే ఆ స్టిక్కరు
- తలకు వేసే రంగు, నుదుటి పక్కల నలుపు ఉన్నవారు మాత్రమే

ఒక్క మినహాయింపు ఉంది. నెలల తరబడి ఏదైనా "తెల్లబరిచే" ట్యూబు వాడుతున్నవారు దాన్ని ఒక్కసారిగా ఆపకుండా ముందు 6వ దశ చదవండి.

నిమ్మరసం గురించి ఒక మాట. నిమ్మజాతి పండ్ల రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలిన మచ్చలు పడతాయి. మచ్చ పోవాలని రాసి కొత్త మచ్చ తెచ్చుకున్న ముఖాలను వేసవిలో ఏటా చూస్తూనే ఉంటాను.

పులిపిర్లకు మన ఊళ్లలో చేసే వైద్యాలు మరీ ఘోరం. సున్నం, బట్టల సోడా కలిపి ముద్దగా పెట్టడం, నల్లజీడి రసం అంటించడం, గుర్రపు వెంట్రుకతో బిగించి కట్టడం. సున్నం, సోడా కలిస్తే పుట్టేది చర్మాన్ని తినేసే క్షారం. అది పులిపిరి దగ్గర ఆగదు. జీడి రసం పొక్కులు తెప్పిస్తుంది. నా గడ్డం కింద కందిగింజంత ఉన్న దానికి చిన్నప్పుడు పక్కింటి పెద్దమ్మ ఎంతో ప్రేమగా సున్నం పెట్టింది. పులిపిరి పోయిన మాట నిజమే. దాని చోట బఠాణీ గింజంత తెల్లని గుంట ఇప్పటికీ ఉంది.

4. సన్‌స్క్రీన్‌ సరిగా రాయడం నేర్చుకోండి

సన్‌స్క్రీన్‌ లేకుండా మచ్చకు మందు రాయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. చదునైన గోధుమ మచ్చలలో సగం వైద్యం ఇదే. ఇక్కడ జరిగే తప్పు రకానికి సంబంధించినది కాదు, కొలతకు సంబంధించినది.

ఎంత: చూపుడు వేలు, మధ్య వేలు రెండింటి పొడవునా పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. శనగగింజంత తీసి ముఖమంతా పులిమితే డబ్బా మీద రాసిన రక్షణ రాదు.

ఏది: ఎస్‌.పి.ఎఫ్‌. 30 లేదా ఆపైన, దానితో పాటు పి.ఎ. గుర్తు (అతినీలలోహిత ఎ కిరణాల నుంచి రక్షణను తెలిపేది) పక్కన కనీసం మూడు ప్లస్‌లు. ఎస్‌.పి.ఎఫ్‌. 30 దాదాపు 97 శాతం, 50 దాదాపు 98 శాతం అతినీలలోహిత బి కిరణాలను ఆపుతుంది. 100 కోసం వెంపర్లాడనక్కరలేదు.

మంగు ఉన్నవారికి: కంటికి కనిపించే వెలుగు కూడా మంగును ముదరబెడుతుంది. మామూలు సన్‌స్క్రీన్‌ దాన్ని ఆపలేదు. ఐరన్‌ ఆక్సైడ్‌ కలిపిన, లేత గోధుమ రంగున్న సన్‌స్క్రీన్‌ తీసుకోండి. అది మచ్చను కొంత కప్పుతుంది కూడా.

ఎప్పుడు: బయటికి వెళ్లడానికి 15, 20 నిమిషాల ముందు. ఎండలో ఉంటే ప్రతి రెండు గంటలకు మళ్లీ. చెమట తుడుచుకుంటే ఆ వెంటనే. కిటికీ పక్కన కూర్చుని పనిచేసేవారు, కారు నడిపేవారు కూడా రాయాలి, మామూలు అద్దం గుండా అతినీలలోహిత ఎ కిరణాలు చాలావరకు లోపలికి వస్తాయి.

గొడుగు, వెడల్పు అంచున్న టోపీ, చున్నీ కూడా వాడండి. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం పన్నెండింటికి ఏ క్రీమూ గొడుగుకు సాటి రాదు.

5. చదునైన గోధుమ మచ్చలకు క్రీములు: వరుస, క్యాలెండరు

ఈ దశ మంగు, మొటిమ నలుపు, ఎండ మచ్చలకు మాత్రమే. పుట్టుమచ్చలకు, పులిపిర్లకు వీటిలో ఏదీ రాయకండి.

ముందు పరీక్ష: కొత్త క్రీము ఏదైనా చెవి వెనుక రూపాయి బిళ్లంత చోట వరుసగా మూడు రాత్రులు రాయండి. దురద, దద్దురు, మంట లేకపోతేనే ముఖానికి.

మొదటి రెండు వారాలు: సువాసన లేని మెత్తని ఫేస్‌వాష్‌, మాయిశ్చరైజరు, సన్‌స్క్రీన్‌. అంతే.

మూడో వారం నుంచి: కొత్తది ఒకే ఒక్కటి చేర్చండి. నా మొదటి ఎంపిక 10 శాతం అజెలాయిక్‌ ఆమ్లం. మొటిమల మీదా పనిచేస్తుంది, రంగు మీదా పనిచేస్తుంది, గర్భిణులు కూడా వైద్యుల సలహాతో వాడుకోగలరు. రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత తీసి పలుచగా రాయండి. వారంలో మూడు రాత్రులతో మొదలుపెట్టండి. కాస్త చురుక్కుమని నిమిషాలలో తగ్గితే పరవాలేదు. ఎరుపెక్కి మర్నాటికీ మంట ఉంటే ఆపండి.

ఏడో వారం నుంచి: చర్మం ఊరుకుంటే ప్రతి రాత్రికి పెంచండి. ఉదయం పూట 4 లేదా 5 శాతం నియాసినమైడ్‌ చేర్చుకోవచ్చు. విటమిన్‌ సి సీరం కూడా మంచిదే, కానీ సీసాలోని ద్రవం ముదురు గోధుమ రంగుకు తిరిగితే పారేయండి.

పన్నెండో వారం: మొదటి ఫొటోలను అదే కిటికీ పక్కన, అదే సమయంలో మళ్లీ తీసి పోల్చండి. అంతకు ముందు పోల్చకండి. రోజూ అద్దంలో చూసుకుంటే మార్పు కనిపించదు, విసుగు మాత్రం వస్తుంది. పైపొరలోని నలుపు పలచబడటానికి మూడు నెలల నుంచి ఏడాది దాకా పట్టవచ్చు. నీలి, బూడిద ఛాయ ఉన్నది లోపొరలో ఉంటుంది. దానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి, క్రీములకు సరిగా లొంగదు.

ఉదయం వరుస: కడగడం, నియాసినమైడ్‌, మాయిశ్చరైజరు, సన్‌స్క్రీన్‌.
రాత్రి వరుస: కడగడం, ఆరబెట్టుకోవడం, అజెలాయిక్‌ ఆమ్లం, పది నిమిషాలకు మాయిశ్చరైజరు.

వైద్యుల చీటీతోనే వాడవలసినవి కొన్ని ఉన్నాయి. ట్రెటినాయిన్‌, అడపలీన్‌ వంటివి గర్భిణులకు, గర్భం కోసం చూస్తున్నవారికి పనికిరావు. హైడ్రోక్వినోన్‌ మంగుకు బలమైన మందు, కానీ గడువు పెట్టుకుని ఆపవలసిన మందు. ఏళ్ల తరబడి రాస్తే చర్మం నీలినలుపుగా మారిపోతుంది, ఆ నలుపు తేలికగా పోదు. అమెరికాలో 2020 నాటి చట్టం తర్వాత దీన్ని చీటీ లేకుండా అమ్మడం ఆగింది. అక్కడ ఉన్న మనవారు సెలవులకు వచ్చి ఇక్కడి నుంచి డజను ట్యూబులు పట్టుకెళ్లడం నాకు తెలుసు. దయచేసి ఆ పని చేయకండి. మంగుకు ఇచ్చే ట్రానెగ్జామిక్‌ ఆమ్లం మాత్రలు కూడా అంతే. రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవారికి అవి ప్రమాదం. స్నేహితురాలికి పనిచేసిందని మీరు కొనుక్కోకూడదు.

6. ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవండి

మంగుకు మందుల దుకాణంలో అడిగితే చేతిలో పెట్టే ట్యూబులో తరచూ మూడు మందులు కలిసి ఉంటాయి. వాటిలో ఒకటి స్టెరాయిడ్‌. మొమెటాసోన్‌, ఫ్లూసినోలోన్‌, బీటామెథాసోన్‌, క్లోబెటాసోల్‌, ఈ పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్‌ క్రీమే. చీటీ మీదే అమ్మవలసిన జాబితాలో ఇలాంటి క్రీములను ప్రభుత్వం 2018లో మరింత గట్టిగా చేర్చింది. అయినా చీటీ అడిగే దుకాణాలు ఎన్నో మీకే తెలుసు.

మొదటి వారం ముఖం వెలిగిపోతుంది. అందుకే ఎవరూ ఆపరు. కొన్ని నెలలకు చర్మం పలచబడి, ఎర్రటి నరాలు బయటపడి, మొటిమలు, సన్నని వెంట్రుకలు వస్తాయి. ఎండలోకి వెళ్తే భగభగ మండుతుంది. ఆపితే మంగు రెట్టింపై తిరిగి వస్తుంది, అందువల్ల మళ్లీ రాస్తారు. ఈ చక్రంలో ఉన్నవారు సొంతంగా ఆపే ప్రయత్నం చేయకుండా ట్యూబు చేతిలో పట్టుకుని చర్మవ్యాధి నిపుణుల దగ్గరికి వెళ్లండి. మెల్లగా తగ్గించే పద్ధతి ఉంటుంది. సిగ్గు పడనక్కరలేదు, వారు ఇది రోజూ చూస్తారు.

తయారీదారు చిరునామా, పదార్థాల జాబితా లేని "వారంలో తెలుపు" డబ్బాలు ఇంకో రకం. వాటిలో పాదరసం ఉండవచ్చు. 2023లో కేరళలోని మలప్పురం ప్రాంతంలో ఇలాంటి క్రీములు వాడిన కొందరికి మూత్రపిండాల జబ్బు బయటపడింది.

7. పుట్టుమచ్చ, నల్ల పులిపిరి తీయించుకోవాలంటే

ముందుగా తీయించాలా వద్దా అన్నది. రెండు మిల్లీమీటర్ల చదునైన పుట్టుమచ్చను నేనైతే ముట్టుకోను. తీసిన గుర్తు దానికన్నా ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది. గడ్డం గీసుకునేటప్పుడు తెగుతున్నది, కళ్లజోడుకు ఒరుసుకుంటున్నది, ఎత్తుగా ఉండి మనసుకు బాధ పెడుతున్నది అయితే తీయించుకోవచ్చు.

ఎవరి దగ్గర: బోర్డు మీద ఎం.డి. డి.వి.ఎల్‌. లేదా డి.డి.వి.ఎల్‌. (చర్మవ్యాధుల పీజీ డిగ్రీ, డిప్లొమా) అని ఉండాలి. "కాస్మటాలజిస్టు" అన్న ఒక్క మాట చాలదు. హైదరాబాద్‌లోని ఉస్మానియా, గాంధీ, విశాఖలోని కేజీహెచ్‌ వంటి బోధనాసుపత్రులలో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. తొందర లేనివారికి అది మంచి దారి.

ఏ పద్ధతి:
- నల్ల పులిపిర్లకు రేడియో తరంగాల కాటరీ, అంటే వేడితో కాల్చి తీయడం. ఒకే సిట్టింగులో చాలావాటిని తీయవచ్చు. కానీ ముందు చెవి దగ్గర రెండు మూడు మాత్రమే తీయించుకుని నెలన్నర ఆగండి. మీ చర్మం ఎలా మానుతుందో చూశాక మిగిలినవి.
- ఎత్తైన పుట్టుమచ్చను చర్మంతో సమానంగా చెక్కి తీస్తారు. కుట్లు ఉండవు. అడుగున కణాలు మిగిలితే రంగో, ఎత్తో మళ్లీ రావచ్చు.
- లోతైనదాన్ని, అనుమానం ఉన్నదాన్ని పూర్తిగా కోసి కుట్లు వేస్తారు. సన్నని గీత మిగులుతుంది. అనుమానం ఉన్నచోట ఇదే సరైనది.
- కార్బన్‌ డయాక్సైడ్‌ లేజరు మచ్చను ఆవిరి చేస్తుంది, పరీక్షకు ముక్క మిగలదు. అందువల్ల హానిలేనిదని తేలినవాటికే.
- ఎండ మచ్చలకు వాడే రంగు లేజర్లు వేరు. మంగుకు లేజరుతో మొదలుపెడదామనే చోట మరొక అభిప్రాయం తీసుకోండి, తగ్గి మళ్లీ నల్లగా తిరగబెట్టడం మన చర్మంలో ఎక్కువ.

వైద్యులను అడగవలసినవి:
- ఇది ఏమిటని మీరు అనుకుంటున్నారు?
- తీసిన ముక్కను పరీక్షకు పంపుతారా?
- గీత, గుంట, తెలుపు, నలుపు, వీటిలో నాకు ఏది మిగలవచ్చు?
- మళ్లీ వస్తే ఏమి చేస్తారు?

వైద్యులకు మీరు చెప్పవలసినవి:
- రక్తం పలచబడే మాత్రలు (సొంతంగా ఆపకండి, చెప్పండి చాలు)
- మధుమేహం, గర్భం, గుండెలో పేస్‌మేకరు
- గాయాలు ఉబ్బి గడ్డ కట్టే స్వభావం, చెవి కుట్టించుకున్నప్పుడు గడ్డ కట్టిందా అన్నది
- మత్తుమందు పడకపోవడం
- ట్రెటినాయిన్‌ రాస్తున్నా, మొటిమలకు మాత్రలు మింగుతున్నా

ఎప్పుడు: పెళ్లికి వారం ముందు వద్దు. కనీసం మూడు నెలల ముందు. తొందర లేకపోతే కార్తీకం, మార్గశిరం, పుష్యం నెలలు హాయి. గాయం మానే రోజుల్లో ఎండా చెమటా తక్కువ.

ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు. పదో తరగతి ధ్రువపత్రంలో మీ గుర్తింపు చిహ్నంగా రాయించినది ఆ పుట్టుమచ్చే కావచ్చు. తీయించే ముందు ఒకసారి చూసుకోండి. అదే అయితే తీసినట్లు తేదీతో వైద్యుల చేత రాయించుకుని ఆ కాగితాన్ని ధ్రువపత్రంతో పాటు దాచండి.

ఆ రోజు: ముఖం కడిగి, మేకప్‌ లేకుండా వెళ్లండి. కాటరీకి ముందు మత్తు క్రీము రాసి 45 నిమిషాల నుంచి గంట దాకా కూర్చోబెడతారు. దాన్ని తొందరపెట్టకండి. పుట్టుమచ్చ కోసి తీయడానికైతే చిన్న మత్తు సూది వేస్తారు. నొప్పి అంతా ఆ సూదిదే.

8. తీయించుకున్న తర్వాత రోజులు

గుర్తు మిగలడం, మిగలకపోవడం చాలావరకు ఇక్కడే తేలుతుంది.

1వ రోజు: గాయం తడపకండి. ఇచ్చిన పూత రాయండి. రాత్రి వెల్లకిలా పడుకోండి.

2 నుంచి 7వ రోజు: రోజుకు రెండుసార్లు మెత్తని సబ్బునీటితో తాకీ తాకనట్లు కడిగి, అద్దినట్లు తుడిచి, పెట్రోలియం జెల్లీ లేదా వైద్యులు రాసిన ఆయింట్‌మెంటు పలుచగా రాయండి. గాయం ఎండితే తొందరగా మానుతుందన్నది పాతమాట. తేమగా ఉన్న గాయమే చక్కగా మానుతుంది. పసుపు, పౌడరు, కుంకుమ దాని మీద పడనివ్వకండి. ముఖం మీది కుట్లను సాధారణంగా 5 నుంచి 7 రోజుల్లో తీస్తారు.

7 నుంచి 10వ రోజు: కాటరీ పక్కులు ఈ రోజుల్లో రాలతాయి. చేయి ఊరుకోదు, తెలుసు. గోరుతో ఎత్తితే అక్కడ గుంటో నలుపో ఖాయం. పిల్లలకు చెప్పినట్లు మీకు మీరే చెప్పుకోండి.

పక్కు రాలాక: కింద గులాబీ రంగు చర్మం ఉంటుంది. ఆ రోజు నుంచే సన్‌స్క్రీన్‌, కనీసం మూడు నెలలు, మరువకుండా. పాత క్రీములు మళ్లీ రాయడం గాయం పూర్తిగా మానాకే, వైద్యులను అడిగి.

వెంటనే ఫోను చేయవలసినవి:
- రోజురోజుకూ పెరిగే నొప్పి, వేడి, వాపు
- చీము, జ్వరం
- పది నిమిషాలు గుడ్డతో అదిమినా ఆగని రక్తం

ముక్కను పరీక్షకు పంపి ఉంటే ఫలితం చేతికి వచ్చేదాకా వదలకండి. "ఏమీ లేకపోతే ఫోను చేయం" అన్న మాటతో సరిపెట్టుకోకుండా కాగితం అడిగి తీసుకోండి.

9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

ఒకేసారి నాలుగు సీరంలు మొదలుపెట్టారు, ముఖం మండుతోంది: అన్నీ ఆపి 3వ దశకు తిరిగి వెళ్లండి. రెండు వారాల తర్వాత ఒక్కటితో మొదలు.

తీసిన చోట నెలకు నల్లగా అయింది: మన చర్మంలో ఇది మామూలే. మళ్లీ కాల్పించకండి. గాయం పూర్తిగా మానిందని వైద్యులు చెప్పాక సన్‌స్క్రీన్‌, అజెలాయిక్‌ ఆమ్లం. చాలావరకు నెలల్లో పలచబడుతుంది.

తీసిన చోట ఉబ్బి గట్టిపడుతోంది: రుద్దకుండా, ఆలస్యం చేయకుండా చూపించండి. మొదట్లో ఇచ్చే సూదిమందుకు బాగా లొంగుతుంది.

చెక్కి తీసిన పుట్టుమచ్చ చోట రంగు తిరిగి వచ్చింది: మొదటి పరీక్ష కాగితం తీసుకుని వెళ్లండి. ఆ కాగితం లేకుండా రెండోసారి తీయించుకోకండి.

మంగు తగ్గిందని సన్‌స్క్రీన్‌ మానేశారు, వేసవికి మళ్లీ వచ్చింది: మంగుకు ఇది స్వభావం, మందు తప్పు కాదు. క్రీము ఆపవచ్చు, సన్‌స్క్రీన్‌ ఆపకూడదు. ప్రసవం తర్వాత కొందరికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది కనుక పాలిచ్చే తల్లులు బలమైన మందులకు తొందరపడనక్కరలేదు.

మిగిలిన పుట్టుమచ్చలను ఏమి చేయాలి: ఏమీ చేయకండి. మూడు నెలలకొకసారి అదే కిటికీ పక్కన, అదే స్కేలుతో ఫొటో తీసి, తేదీ వేసి పెట్టుకోండి. వీపు మీదివి, అరికాళ్ల కిందివి ఇంట్లోవారి చేత తీయించండి, వాటిని మీరెప్పుడూ చూసి ఉండరు.